పసుపుకొమ్ము ఇచ్చి అడిగిన పాట

తాతారావు గారు నా పక్కన డోలక్ వాయిస్తానని వచ్చిన రోజే నాకు అనుమానం వచ్చింది.

అప్పటికాయన అమలాపురంలో ఒక పెద్ద ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నారు. వాళ్లకి వ్యాను ఉంది, లైట్లున్నాయి, మనిషెత్తు స్పీకర్లున్నాయి. నాకేముంది? ఒక మైకు, ఒక శ్రుతిపెట్టె, నా పేరు అచ్చువేయించిన కార్డులు. ఇంకో ఆర్కెస్ట్రాలో తొమ్మిదేళ్లు ఎవరివో పాటలు పాడిపాడి విసిగి, మానేసి, రాజోలులో మా ఇంటి ముందు ‘పెళ్లి పాటలు కట్టి పాడబడును – జ్యోతిర్మయి’ అని బోర్డు పెట్టుకుని అప్పటికి ఏడాది. అప్పనపల్లిలో ఒక పెళ్లికి పొద్దున్న నేను అప్పగింతల పాట పాడితే, సాయంత్రం రిసెప్షన్‌కి వాయించడానికి వచ్చిన ఈయన వంటవాళ్ల వెనకాల నిలబడి విన్నారట. పాట అయ్యాక దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నారు.

"మీ పక్కన వాయిస్తానండి. ఎంతిచ్చినా ఫర్లేదండి."

ఎంతిచ్చినా ఫర్లేదన్న మనిషిని ఎవరు నమ్ముతారు? నేను నమ్మలేదు. కానీ డోలక్ కావాలి. పెట్టుకున్నాను. ఒక కన్ను ఆయన మీద వేసి ఉంచాను.

నా పని సంగతి కొంచెం చెప్పాలి. పెళ్లివారు ముందుగా వచ్చి తాంబూలం ఇచ్చి అమ్మాయి సంగతులు చెబుతారు. ముద్దుపేరేమిటి, చిన్నప్పుడేం అల్లరి చేసేది, తాతగారింట్లో ఏ చెట్టెక్కి పడింది. అవన్నీ పెట్టి నేను పాట కడతాను. నలుగుకొకటి, తలంబ్రాలకొకటి, అప్పగింతలకొకటి. "ఇది మీ అమ్మాయి కోసమే కట్టిన పాటండీ, ఇంకో పెళ్లిలో వినిపించదు" అని మాటిస్తాను. నా బతుకంతా ఆ మాట మీదే నడుస్తుంది. సినిమా పాట ఎవరైనా పాడతారు, ఫోనులో పెట్టినా సరిపోతుంది. నన్ను పిలిచేది ఆ ఒక్క మాట కోసం. ఒక్క అప్పగింతల బాణీ మాత్రం అన్ని పెళ్లిళ్లకీ ఒకటే వాడతాను, పేర్లు మారుస్తాను. ‘బండెక్కు సిరితల్లి, భయమేల నీకు, ఆ ఊరిలో నీకు అమ్మొకతె ఉంది’ అని ఎత్తుకుంటే మగపెళ్లివారు కూడా కళ్లొత్తుకోడానికి కండువాలు తీస్తారు. అది నా ముద్ర. నా యూట్యూబు వీడియోలన్నిటి కిందా ‘రచన, బాణీ, గానం: జ్యోతిర్మయి’ అని ఉంటుంది.

మూడేళ్లు బాగా నడిచింది. మా ఆయన హరిబాబు అంబాజీపేట నుంచి కొబ్బరి లారీ తోలుతారు, నెలలో ఇరవై రోజులు వేరే రాష్ట్రాల్లోనే. ఇంట్లో నేనూ, మా అత్తగారు భూలక్ష్మి గారూ. ఆవిడ వీధరుగు మీద కూర్చుని కొబ్బరాకుల ఈనెలు చీరి చీపుళ్లు కడుతుంటారు. మధ్యాహ్నం పూట కళ్లజోడు పెట్టుకుని ఒక లావుపాటి బౌండు పుస్తకంలో రామకోటి రాసుకుంటారు. మహా పొదుపు మనిషి. మా ఇంట్లో పసుపు కొని రెండేళ్లయిందంటే చూసుకోండి.

నాలుగో ఏట మొదలైంది గొడవ. కొత్తపేట నుంచి ఒకావిడ ఫోను చేసింది.

"ఏవండీ జ్యోతిగారూ, మా అమ్మాయికి కట్టిన తలంబ్రాల పాట మా వియ్యపురాలి చెల్లెలి కూతురి పెళ్లిలో కృష్ణవేణి గారు పాడేరండి. పేరు మార్చేరంతే. ఇంకెక్కడా వినపడదన్నారు కదండీ మీరు?"

కృష్ణవేణి కొత్తపేటలో పాడుతుంది. గొంతు మంచిదే, పాట కట్టడం మాత్రం రాదు. ఆవిడకి నా పాట ఎలా చేరింది? పెళ్లిలో ఎవరో ఫోనులో పట్టి ఉంటారులే అని మొదటిసారి సర్దుకున్నాను. నెల తిరక్కుండా ఇంకో పాట. ఆ తర్వాత ఇంకోటి. ఈ మూడోది నేనింకా పెళ్లిలో పాడనేలేదు! మా అరుగు మీద సాధన మాత్రమే చేశాం. ముహూర్తం వాయిదా పడి నేను పాడాల్సిన పెళ్లి ఆగింది, అక్కడ నా పాట ముందే పెళ్లి చేసేసుకుంది. అంబాజీపేట వాళ్లొకరు మర్యాదగానే వచ్చి తాంబూలం వెనక్కి తీసుకెళ్లారు. కోనసీమలో ఒక ఇంట్లో తాంబూలం వెనక్కి వెళ్లిందంటే ఆ కబురు పది ఊళ్లు తిరగడానికి రెండు రోజులు చాలు.

పెళ్లిలో పాడకముందు ఆ పాట విన్నది ఎవరు? నేనూ, తాతారావు గారూ. అంతే.

ఇక చూడండి, ఆయన చేసే ప్రతి పనీ నాకు దొంగపనిలాగే కనపడడం మొదలైంది. సాధన మధ్యలో టీ తాగడానికి వీధి చివరికెందుకు వెళతారు? మా ఇంట్లో టీ ఉండదా? చొక్కా జేబులో ఫోను ఎప్పుడూ అద్దం బయటికి వచ్చేలా ఎందుకు పెడతారు? ఏది చెప్పినా "ఆయ్" అంటారు తప్ప ఒక్కనాడూ అవుననీ కాదనీ వాదించరేం? అన్నిటికీ మించి, అప్పగింతల బాణీ ఎత్తుకోగానే ఆయన కళ్లు మూసుకుంటారు. నాలుగేళ్లుగా వాయిస్తున్న పాటకి కళ్లు మూసుకోవాల్సిన పనేమిటి? గట్టిగా బట్టీ పడుతున్నాడు, అనుకున్నాను. అనుమానం పెనుభూతమంటారు, నిజమే. కానీ భూతాన్ని చూసినవాడికి అది భూతంలా అనిపించదు, కళ్లు తెరుచుకున్నట్టు ఉంటుంది.

వల పన్నాను. నర్సాపురంలో పెళ్లి ఒకటి వచ్చిందని ఆయనతో అబద్ధమాడాను. లేని పెళ్లికి, లేని పెళ్లికూతురికి ఒక పాట కట్టాను. అమ్మాయి సంగతులు ఎక్కణ్నుంచి తేవాలి? నావే పెట్టేశాను. మా నాన్న కొబ్బరి దింపు పనికి వెళ్లేవాడు. చెట్టు మీంచి పడతాడేమోనని నాకు భయం. పొద్దున్నే ఆయన చెప్పులు తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచేసేదాన్ని.

‘నాన్న చెప్పులు దాచి నవ్విన పిల్లా
నాన్న గడప దాటేవు నవ్వవేమమ్మా’

తాతారావు గారు ఆ చరణం దగ్గర వాయించడం ఆపి, "బాగుందండీ" అన్నారు. ఆయన నోటంట ‘ఆయ్’ కాక ఇంకో మాట రావడం అరుదు. ఓహో, బాగా నచ్చిందన్నమాట, అనుకున్నాను. అత్తగారు పక్కనే ఈనెలు చీరుతూ కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. ఈనె గుచ్చుకుని ఉంటుందనుకుని పట్టించుకోలేదు.

మూడు వారాలు. కొత్తపేటలో ఒక పెళ్లి వీడియో నా ఫోనులోకి వచ్చింది. కృష్ణవేణి పాడుతోంది. నాన్న చెప్పులు, బియ్యం డబ్బా, అన్నీ. ఎవరో పెళ్లికూతురు ఎక్కెక్కి ఏడుస్తోంది. నా చిన్నతనం, మా నాన్న చెప్పులు, ముక్కూమొహం తెలియని పెళ్లిలో! కోపం కంటే ముందు ఏడుపొచ్చింది నాకు. ఆ తర్వాత ఏడుపు కూడా కోపమే అయింది.

మర్నాడు అంబాజీపేటలో పెళ్లి. కల్యాణమండపం వెనక, ఎండుకొబ్బరి గోడౌను గోడ పక్కన, షామియానా వాళ్లూ వంటవాళ్లూ చూస్తుండగా ఆయన మొహం ముందు ఫోను పెట్టాను.

"ఈ పాట మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు తాతారావు గారూ. ఆ నర్సాపురం పెళ్లి లేదు. మిమ్మల్ని పట్టుకోడానికే కట్టేను. కృష్ణవేణి మీకేమిస్తోంది?"

ఆయన వీడియో చివరిదాకా చూశారు. మొహం ఎర్రబడుతుందేమో, తల దించుకుంటారేమో అని చూశాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవాలి కదా. ఈయన తడుముకోలేదు.

"నేనివ్వలేదండి" అన్నారు.

"మరి దేవుడిచ్చేడా?"

"తెలీదండి. తాంబూలం అందుకున్నాం కదండీ, ఈ పెళ్లి వాయించేసి వెళ్తాను. రేపట్నించి రానండి" అన్నారు.

వాయించారు. ఏనాడూ వాయించనంత బాగా వాయించారు. అప్పగింతల పాటకి మళ్లీ కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం మొహం తిప్పుకుని పాడాను. పెళ్లికూతురు కారెక్కాక, డోలక్‌ని గుడ్డసంచిలో పెట్టుకుని, అందరికీ నమస్కారం పెట్టి, బస్సు స్టాండుకేసి నడిచి వెళ్లిపోయారు.

ఇంట్లో అత్తగారు అడిగితే "మానేశాడండీ, ఇంకెక్కడో ఎక్కువిస్తారట" అన్నాను. నిజం చెబితే ‘అంతమందిలో అడగాలా’ అని ఆవిడ సాధిస్తారు, అదొక తలనొప్పి.

తర్వాత రెండు పెళ్లిళ్లు ఫోనులో రికార్డు చేసిన డోలక్ పెట్టుకుని పాడాను. పెళ్లివారు ఏమీ అనలేదు. కానీ అప్పగింతల దగ్గర పెళ్లికూతురి తల్లి నాకేసి కాక స్పీకరుకేసి చూసింది. నేను ఆగితే అది ఆగదు, వాళ్ల ఏడుపుకి సమయమివ్వదు, దాని దారిన అది టకటకా వెళ్లిపోతుంది. ఇంతలో, తాతారావు గారు కృష్ణవేణి పక్కన వాయిస్తున్నారని తెలిసింది. నాకు ఎంత తృప్తి! చూశారా, నేననుకున్నదే, అని గోడలకి చెప్పుకున్నాను.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు. ఒక మధ్యాహ్నం బ్యాంకు పనుందని బయల్దేరి, సర్వర్లు పనిచేయడం లేదంటే మధ్యలోనే తిరిగొచ్చాను. అరుగు మీద అత్తగారి ఎదురుగా ఎవరో నడివయసావిడ కూర్చుని ఉంది. చేతిలో తమలపాకు, అందులో ఒక పసుపుకొమ్ము.

"భూలక్ష్మి గారండీ, పోయినసారి చెప్పుల పాటిచ్చేరు కదండీ, మా పిన్నిగారు కృష్ణవేణి గారితో పాడించేరండి, జనం గొల్లుమన్నారండి. ఇప్పుడు మా మరదలు కూతురికి నలుగు పాటేమైనా ఉంటే ఇప్పించండి."

అత్తగారు పసుపుకొమ్ము అందుకుని కళ్లకద్దుకుని, పక్కనున్న డబ్బాలో వేశారు. డబ్బా నిండా పసుపుకొమ్ములే. ఆ తర్వాత, ఇన్నాళ్లూ నేను రామకోటి అనుకున్న పుస్తకం తెరిచి పాట రాసిచ్చారు.

నేను గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఆవిడ వెళ్లిపోయాక అరిచాను. ఏమరిచానో ఇప్పుడు రాయలేను. అత్తగారు కంగారు పడలేదు.

"పాట అడిగితే లేదనకూడదే అమ్మాయ్. పసుపుకొమ్ము పెట్టి అడిగిన పాట దాచుకుంటే గొంతు పోతుందని మా వాళ్లనేవోరు. నాకెవరు లేదన్నారు? ఈ పుస్తకంలో పాటలన్నీ నలుగురూ ఇచ్చినవే. నువ్వు పెళ్లిళ్లకి పోయినప్పుడు వస్తుంటారు, రాసిస్తుంటాను. నీ పేరు లేకుండా ఇవ్వలేదే, చూడు."

చూశాను. ప్రతి పాట కిందా ‘ఇచ్చినవారు’ అని ఒక గీత. నా పాటల కింద ‘ఇచ్చినవారు: మా కోడలు జ్యోతిర్మయి, రాజోలు’ అని, పక్కన నా ఫోను నెంబరు. కొత్తగా పిలిచేవాళ్లని ‘నా నెంబరు ఎక్కడ దొరికిందండీ’ అంటే ‘ఎవరో చుట్టాలిచ్చేరండి’ అనేవారు. నేను అదంతా నా వీడియోల పుణ్యమనుకున్నాను.

"కృష్ణవేణి నీ పేరు చెప్పి పాడాల్సింది. చెప్పలేదంటే అది దాని తప్పు" అన్నారు అత్తగారు. అని, నా మొహం చూసి, "ఏమే, తాతారావు నిజంగా మానేసేడా?" అన్నారు.

చెప్పాను. ఆవిడ చేతిలోని ఈనె కింద పెట్టేశారు. తర్వాత పుస్తకాన్ని వెనక్కి తిప్పుకుంటూ పోయి, అంచులు పచ్చబడ్డ ఒక పేజీ దగ్గర ఆపి నా ఒళ్లో పెట్టారు.

‘పడవెక్కు పాపాయి, భయమేల నీకు
అద్దరిని నీకొక్క అమ్మున్నదమ్మా’

అక్షరాల మీదికి నా బాణీ దానంతటదే వచ్చి కూర్చుంది. నా ముద్ర. పడవని బండి చేశాను, పాపాయిని సిరితల్లి చేశాను. అంతే. కాపురానికొచ్చిన కొత్తలో ఈవిడ చీపుళ్లు కడుతూ కూనిరాగం తీస్తుంటే చెవిన పడింది, నాలో ఎక్కడో ఉండిపోయింది, పదేళ్ల తర్వాత నా సొంతమై బయటికొచ్చింది. కింద గీత మీద, అలుక్కుపోయిన సిరాతో: ‘ఇచ్చినవారు: సత్తెమ్మ, సఖినేటిపల్లి రేవు.’

"మాది నర్సాపురం వైపు కదా. పెళ్లై నన్ను గోదారి ఈ ఒడ్డుకి దాటించిన పడవ వాళ్లదే. ఆవిడ పడవలో కూర్చుని నాకోసం పాడింది. నెల్లాళ్లాగి పసుపుకొమ్ము పట్టుకెళ్లి మూడు చరణాలు రాసుకున్నాను. నాలుగోది అప్పుడావిడకి గుర్తు రాలేదు" అన్నారు అత్తగారు. "సత్తెమ్మంటే ఎవరనుకున్నావు? తాతారావు వాళ్లమ్మే."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నన్ను మాత్రం మా అత్తగారు పట్టేశారు. డబ్బాలోంచి ఒక పసుపుకొమ్ము తీసుకుని, ఆటో పిలిచాను.

సఖినేటిపల్లి రేవుకి కాస్త ఇవతల ఆయన ఇల్లు. గోదారి దాటించే పంటు మీదికి లారీ ఎక్కిస్తున్న కేకలు వినపడుతున్నాయి. ఆయన వరండాలో కూర్చుని డోలక్ తాళ్లు బిగిస్తున్నారు. నన్ను చూసి లేచి, "రండమ్మా" అని కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు.

"తప్పు నాదండి. పాటలిచ్చింది మా అత్తగారు. మిమ్మల్ని అంతమందిలో అన్నాను."

"ఆయ్" అన్నారాయన. ఆ మాటకి నాకు మొదటిసారి కోపం రాలేదు.

"ఇంకోటుందండి. ఆ అప్పగింతల పాట నాది కాదు. మీ అమ్మగారిది. నాకు ఇవాళే తెలిసింది."

"నాకు అప్పనపల్లిలోనే తెలుసండి."

ఆయన డోలక్ పక్కన పెట్టారు.

"అమ్మ పోయేక ఆ పాట మళ్లీ విన్నది మీ నోటే. అందుకే వచ్చేనండి మీ దగ్గరికి."

"మరి అడగలేదేమండీ? ఇది మా అమ్మ పాట అని ఒక్క మాట?"

"అడిగితే మీరు పాడ్డం మానేస్తారేమోనని. ఎవరిచ్చేరో ఎప్పుడైనా మీరే చెప్తారేమోనని ప్రతి పెళ్లిలోనూ వింటుండేవోణ్ణండి. కళ్లు మూసుకుంటే అమ్మ పాడినట్టే ఉండేది."

నాలుగేళ్లు. నేనాయన కళ్ల మీద కాపలా కాసిన నాలుగేళ్లూ ఆయన ఎదురుచూసింది దానికోసం. నేను ఏడ్చాను. ఆయన భార్య మంచినీళ్లు తెచ్చింది.

"మళ్లీ రండి తాతారావు గారూ" అన్నాను.

"శ్రావణమంతా వాయిస్తానని కృష్ణవేణి గారి తాంబూలం అందుకున్నానండి. మీరు వద్దన్నాకే వెళ్లేను, ముందు వెళ్లలేదు." అందులో నిష్ఠూరం లేదు. అది ఇంకా బాధగా ఉంది. నా అనుమానం అబద్ధమై పుట్టి, నా చేతుల్తోనే నిజమైంది.

ఇక అడగడానికి మిగిలింది ఒక్కటే. పసుపుకొమ్ము ఆయన చేతిలో పెట్టాను. "నాలుగో చరణం మా పుస్తకంలో లేదండి."

ఆయన దాన్ని కాసేపు చూసి, కళ్లకద్దుకుని, చొక్కా జేబులో ఫోను పక్కన వేసుకున్నారు. "పసుపుకొమ్ము పెట్టి అడిగేక లేదనకూడదు కదండీ. రాసుకోండి" అని మోకాలి మీద తాళం వేస్తూ పాడారు. ఆయన పాడగలరని నాకు తెలియదు.

‘పడవ తిరిగొచ్చింది, పాపాయి లేదు
నిలబడ్డ రేవులో నిలబడే ఉన్నా’

రెండుసార్లు పాడించుకుని రాసుకున్నాను. కింద గీత గీసి ‘ఇచ్చినవారు: సత్తెమ్మ, సఖినేటిపల్లి రేవు’ అని రాశాను. ఆయన వంగి చూశారు.

"మూడు చరణాలూ అమ్మిచ్చిందండి. ఇది ఇచ్చింది నేను కదండీ. నా పేరు కూడా వేస్తారా?"

నాలుగేళ్లలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. నా వీడియోల్లో ఒక్కదాని కిందా ఆయన పేరు లేదు. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాద్దామని పెన్ను ఆనించాను. చెయ్యి ఆగిపోయింది. నా పక్కన నాలుగేళ్లు కూర్చుని వాయించిన మనిషి ఇంటిపేరు నాకు తెలియదు.

అడిగాను.